ఎండుచేపల బాషా గాజుతొట్టి

బిట్రగుంటలో అమీర్ బాషా ఇల్లెక్కడా అని అడిగితే "ఏ అమీర్ బాషా?" అంటారు. ఎండుచేపల బాషా అంటే మాత్రం పసిపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. చూపించక్కర్లేదు కూడా, రైల్వే గేటు దాటి సందు మలుపు తిరిగితే ముక్కే దారి చెబుతుంది. జువ్వలదిన్నె ఒడ్డున ఇసకలో ఎండిన నెత్తళ్ళూ, సావళ్ళూ, రొయ్యలూ తాటాకు బుట్టల కెత్తించి, బిట్రగుంటలో రైలెక్కించి మద్రాసు పంపడం అతని వ్యాపారం. వాళ్ళ నాయనదీ అదే. బుద్ధెరిగిన నాటినుంచీ అతని చేతులు చేపల్లోనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని బుట్టలో చెయ్యి పెడితే చాలు, ఏ చేపో, ఉప్పు పట్టిందో లేదో, లోపల పురుగు పడిందో లేదో చెప్పేస్తాడు. చచ్చిన చేప విషయంలో ఆ జిల్లాలోనే అతన్ని మించినవాడు లేడు. బతికున్న చేప సంగతి మాత్రం ఇంతైనా తెలియదు. పాపం, తనకు తెలియదన్న సంగతి కూడా తెలియదు.

అలాంటి మనిషికి పెళ్ళాం ఎవరనుకున్నారు? నెల్లూరు అత్తరు సాయిబు కూతురు అక్తరున్నీసా. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి "పిల్లోడికి మద్రాసుతో యాపారం" అన్నాడు గాని ఏం వ్యాపారమో చెప్పలేదు. ఆయన అబద్ధమాడలేదు, నిజాన్ని నమిలి మింగేశాడు, అంతే. గులాబీ అత్తరు సీసాల మధ్య పెరిగిన పిల్ల కాపురానికొచ్చిన పూటే గడప దగ్గర ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇరవయ్యేళ్ళయినా ఆ కొంగు పూర్తిగా దిగలేదు.

అట్లాగని ఆమె గయ్యాళి కాదు. ఒక్కనాడూ నోరెత్తి పోట్లాడలేదు. బాషా సాయంత్రం రాగానే బావి దగ్గర కుంకుడు రసంతో ఒళ్ళంతా తోముకుని, ఉతికిన లుంగీ కట్టుకుని ఇంటి ముందు పంచలో కూర్చునేవాడు. ఆమె పళ్ళెం తెచ్చి ముందుపెట్టి లోపలికి పోయేది. తినడమూ పంచలోనే, పడకా పంచలోనే. మొదట్లో ఒక మగబిడ్డ పుట్టాడు. ఏడాది నిండకుండానే వాంతులు పట్టుకుని పోయాడు. ఎందుకు పోయాడో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె మాత్రం ఏదో అనుకుంది. ఏమనుకుందో పైకి అనలేదు గాని, అనని మాట బాషాకు వినబడింది. ఆ తర్వాత ఇంట్లో మాటలు మరీ కరువయ్యాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బాషా రచ్చ గెలిచాడు గాని ఇంట్లో అతని రాజ్యం పంచతోనే ఆగిపోయింది.

రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్లు ఒక్కొక్కరే సామాను సర్దుకుని ఆస్ట్రేలియా పోతున్న రోజులవి. ఇంజను డ్రైవరు రాబర్ట్స్ దొరకు బాషా ఎండురొయ్యలంటే ప్రాణం. ఆ దొర కూడా ప్రయాణం కట్టాడు. వీడ్కోలుగా బాషా ఒక బుట్ట రొయ్యలు తీసుకెళితే, దొర తన ముందుగదిలో ఉన్న గాజుతొట్టి చూపించి, "బాషా, ఇది ఓడలో పోదు. నువ్వు చేపల మనిషివి. నువ్వే చూసుకోవాలి" అన్నాడు. ఇనుప చట్రానికి నాలుగు వైపులా అద్దాలు బిగించిన తొట్టి. లోపల మూడు ఎర్రచేపలు, ఒక నల్లచేప, పట్టుగుడ్డల్లాంటి తోకలతో తిరుగుతున్నాయి.

దొర తన వచ్చీరాని తెలుగులో ఏమేమో జాగ్రత్తలు చెప్పాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తిండి ఇంతే ఇంతే అని చూపించాడు. బాషా తల ఊపుతూనే ఉన్నాడు గాని ఒక్క ముక్క చెవిన పెట్టలేదు. చేపపిల్లకు ఈత నేర్పుతున్నాడే ఈ దొర, అని లోపల్లోపల నవ్వుకున్నాడు. ఆ నవ్వుకు తర్వాత ఎంత ఏడవాల్సి వచ్చిందో మీరే చూస్తారు.

తొట్టిని ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చి, పంచలో ఎండ పడుతుందని నడిమింట్లో బల్లమీద పెట్టించాడు. అక్తరున్నీసా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏందండీ అవి?"

"చేపలు."

"చేపలని తెలస్తానే ఉందిలే. వాసన లేదే!"

"బతికుండే చేపకు వాసన యాడిది, అక్తరూ?"

ఆమె కొంగు ముక్కుమీదనుంచి తీసి దగ్గరకొచ్చింది. నల్లచేప అద్దం దాకా వచ్చి నోరు తెరిచి మూసింది. ఆమె నవ్వింది. బాషా ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. "ఇది మగదా, ఆడదా?" అని అడిగింది. బాషాకేం తెలుసు? అయినా చేపల మనిషి కదా, "మగదే" అన్నాడు ధీమాగా.

ఆ రోజునుంచీ తొట్టి ముందర చాప పడింది. సాయంత్రం బాషా స్నానం చేసొచ్చేసరికి ఆమె ఆ చాపమీద కూర్చుని ఉండేది. మొదట అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "కూర్చోండి, నిలబడితే అవి బెదురుతాయి" అంది. కూర్చున్నాడు. కొన్నాళ్ళకు అతని పళ్ళెం కూడా అక్కడికే వచ్చింది. చేప నిద్రపోతుందా, నీళ్ళలో దానికి దాహమేస్తుందా, సముద్రంలో ఇవి ఉంటాయా, అని ఆమె అడిగేది. అతను తెలిసినవి చెప్పి, తెలియనివి కల్పించేవాడు. చాపమీద ఆ మూరెడు చోటు దొరికినందుకు అతని సంతోషం ఇంతా అంతా కాదు. ఈ తొట్టి ఉన్నంతకాలం తనకు నడిమింట్లో చోటుంటుంది, తొట్టి పోతే మళ్ళీ పంచే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

అక్తరున్నీసా పుట్టింట ఒక ఆచారం ఉంది. ఇంట్లో నోరున్న ప్రాణికి పెట్టకుండా మనం ముద్ద ఎత్తకూడదు. ఇప్పుడు ఇంట్లో నాలుగు నోళ్ళున్నాయి. అన్నం వండితే మొదటి ముద్ద తొట్టిలోకి, రొట్టె కాలిస్తే మొదటి ముక్క తొట్టిలోకి. గురువారం, జుమ్మేరాత్ నాడు, ఫాతిహా చదివించి, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీదా పంచితే అందులోనూ వాటికి భాగం. పక్కింటి జైతూన్‌బీ వస్తే ఆమె చేతా ఒక చిటికెడు వేయించేది. "తినండి నాయనా, ఇంకొంచెం తినండి" అని అద్దం మీద వేలు పెట్టి బతిమాలేది. ఆ గొంతు వింటూ కూర్చుంటే బాషాకు కడుపు నిండిపోయేది.

ఎండలు ముదిరేసరికి తొట్టిలో పురుగు పడింది.

మొదట చూసింది ఆమే. పొద్దున్నే తొట్టి దగ్గరకెళ్ళి "యా అల్లా!" అని కేకేసింది. బాషా పంచలోనుంచి పరుగెత్తుకొచ్చాడు. అద్దానికి లోపలివైపు తెల్లటి దారప్పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. సేమియా తునకల్లో నాలుగో వంతు కూడా ఉండవు. అడుగున ఇసకలోనైతే లెక్కే లేదు. ఆమె గోడకానుకుని, కొంగు మళ్ళీ ముక్కుకి పెట్టుకుంది.

"మీ బుట్టల్లో ఉండే పురుగే కదండీ ఇది?"

"ఇది నీళ్ళలోది, అది వేరే..."

"తెల్లగా లేదా? మెలికలు తిరగడంలా? మీ చేతులతోనే వచ్చింది. మొన్న చెయ్యి పెట్టి ఇసక సర్దినారు కదా. ఎంత తోముకున్నా పోతుందా అది!"

బాషా తన చేతులు చూసుకున్నాడు. ఆమె మాట అన్యాయమని అతనికి తోచలేదు. నిజమే అయి ఉంటుందనుకున్నాడు. ఎండుచేపల్లో బతికే చెయ్యి, పురుగు ఇంకెక్కడినుంచి వస్తుంది మరి?

ఆ సాయంత్రం చాప పడలేదు. పళ్ళెం పంచలోకొచ్చింది.

ఇక బాషా పడ్డ తిప్పలు పగవాడికి కూడా వద్దు. నీళ్ళన్నీ తోడిపోసి, ఇసక కడిగి, దిబ్బల మధ్య చెలమలోంచి తియ్యటి నీళ్ళు కావిడితో తెప్పించి నింపాడు. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ పురుగు. పసుపు వేశాడు. వేపాకు వేశాడు. జైతూన్‌బీ తాయెత్తు తెప్పించి తొట్టి చట్రానికి కట్టింది. దర్గా వైపు తిరిగి మొక్కుకుంది కూడా. పురుగు తాయెత్తుకు లొంగలేదు. అక్తరున్నీసా దూరంగా నిలబడి ఎప్పటిలాగే మొదటి ముద్ద మాత్రం విసిరేది. పురుగు పడ్డంత మాత్రాన బిడ్డల్ని పస్తు పెడతారా? పైగా చిక్కిపోతున్నాయేమోనని రెండు ముద్దలు చేసింది. తొట్టిలో పురుగు ఇంకా ఎక్కువైంది. బాషా తల ప్రాణం తోకకొచ్చింది.

దొరను అడుగుదామంటే దొర సముద్రం దాటిపోయాడు. ఊళ్ళో ఎవరినడిగినా "చేపల సంగతి నీకు తెలియనిది మాకేం తెలుసు బాషా!" అనేవాళ్ళే. పొగడ్తలా ఉంది గాని అది చెంపదెబ్బే.

చివరికి ఒడ్డున చేపలు ఎండబెట్టే పెంచలమ్మ దగ్గర వెళ్ళబోసుకున్నాడు. ఆమె బాషా నాయన కాలంనుంచీ ఆ ఇసకలోనే పని చేస్తోంది.

"అదేంది సామీ, ఇంతోటి దానికి నువ్వు దిగులు పడేది! చేపలో పురుగు పడితే మనం ఏం చేస్తాం? ఉప్పు కొట్టి, ఎండలో పెడతాం. పురుగుంటదా? దాని జేజమ్మ కూడా ఉండదు."

బాషా నుదురు కొట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ తనకు ఎందుకు తట్టలేదు! తాతలనాటి విద్య చేతిలో పెట్టుకుని పసుపనీ వేపాకనీ తిరిగాడు. మన నెల్లూరు ఒడ్డున ఉప్పుకీ ఎండకీ లొంగని పురుగు ఇంతవరకూ పుట్టలేదు. పెంచలమ్మ చెప్పిందీ నిజమే, బాషా నమ్మిందీ నిజమే. కాకపోతే వాళ్ళిద్దరూ ఎరిగిన చేప వేరు.

మర్నాడు పొద్దున తొట్టిని పంచ దాటించి వాకిట్లో నడి ఎండలో పెట్టించాడు. దోసిళ్ళతో రాతి ఉప్పు తెచ్చి పోశాడు. ఉప్పు కరిగింది. ఎండ ఎక్కింది. మధ్యాహ్నానికి అద్దాల మీద పురుగులు ఒక్కొక్కటే ఊడి అడుక్కి జారిపోయాయి. బాషాకు పట్టరాని ఆనందం వచ్చింది.

"అక్తరూ! రా, వచ్చి చూడు! ఒక్క పురుగుంటే ఒట్టు!"

ఆమె తలమీద కొంగు లాక్కుని వాకిట్లోకొచ్చింది. వంగి అద్దం చూసింది. అద్దం తేటగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత మొగుడి మొహంలోకి చూసి నవ్వింది. "నిజమేనండీ, పోయినాయి!" అని తొట్టి పక్కన నేలమీదే కూర్చుంది. బాషా ఆ పక్కన కూర్చున్నాడు. చేపలు నాలుగూ పైకొచ్చి, మూతులు నీళ్ళపైన పెట్టి, గబగబా నోళ్ళు తెరుస్తున్నాయి.

"చూడు, ఎంత హుషారుగా ఉండాయో" అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే నల్లచేప ఒక పక్కకు ఒరిగింది. బాషా దాని కన్ను చూశాడు. చేప కన్ను చూసి దాని సంగతి చెప్పడం అతని కులవిద్య. బతుకులో మొదటిసారి ఆ విద్య తనకు రాకపోతే బాగుండునని అనుకున్నాడు.

"నిద్రపోతోందా?" అంది అక్తరున్నీసా.

"ఊఁ" అన్నాడు.

ఎర్రది ఒరిగింది. ఇంకొకటి ఒరిగింది. అప్పుడామెకు అర్థమైంది. ఇద్దరూ కలిసి చేతికందిన బిందెతో మంచినీళ్ళు పోశారు, తొట్టిని నీడలోకి ఈడ్చారు, ఆఖరి చేపను ఆమె చెంబులోకి తీసి పేరు లేని ఆ జీవిని "నాయనా, నాయనా" అని పిలిచింది. అది కూడా పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత తొట్టిని కడిగి నడిమింట్లో బల్లమీద ఖాళీగానే ఉంచింది. బాషా పంచలోనుంచి తలుపు సందున ఆ ఖాళీ అద్దాలు చూస్తూ అన్నం తినేవాడు. తినేవాడనడమే గాని ముద్ద దిగేది కాదు.

వానలు మొదలయ్యే ముందు సరుకు పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు, మూర్ మార్కెట్‌లో రంగుచేపలమ్మే అరవాయన్ని వెతికి పట్టుకున్నాడు. రెండు ఎర్రచేపలు అడిగి, నోరాగక తన గోడంతా చెప్పుకున్నాడు. అరవాయన తేలిగ్గా నవ్వాడు.

"సన్నంగా తెల్ల పురుగేనా? అదొక పెద్ద సంగతా అయ్యా! తిండి ఎక్కువ పెట్టినారు. చేప తిన్నది పోను మిగిలింది అడుగున కుళ్ళి పురుగయింది. రెండు దినాలు తిండి నిలిపితే అదే పోతుంది. దానితో చేపకు ఏ చెడుపూ లేదు. చేపే దాన్ని తింటుంది."

"చేతుల నుంచి రాదా? ఎండుచేపలు పట్టుకున్న చేతులనుంచి?"

"ఛ, దానికీ దీనికీ ఏం సంబంధం!"

"మేం ఉప్పేసి ఎండలో పెట్టినాం" అన్నాడు బాషా మెల్లగా.

"కరువాడు చేసినావా!" అని అరవాయన పగలబడి నవ్వాడు. అరవంలో ఎండుచేపను కరువాడంటారు. బాషాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

చేపల సీసా ఒళ్ళో పెట్టుకుని పాసింజరెక్కాడు. గూడూరు దాకా అతని మనసులో ఒకటే మాట తిరిగింది: నా చెయ్యి కాదు. నా చేతి పురుగు కాదు. ఇంటికి పోగానే ఈ మాట చెప్పాలి. ఇరవయ్యేళ్ళుగా మోస్తున్న నింద దించుకోవాలి. చేపల్ని చంపింది తన ఉప్పే, అది ఒప్పుకుంటాడు. కానీ పురుగు మాత్రం తనది కాదు.

నెల్లూరు దాటి రైలు పెన్న వంతెన మీదికొచ్చేసరికి రెండో ఆలోచన వచ్చింది. నాది కాకపోతే మరి ఎవరిది?

బిడ్డ పోయే ముందు రోజులు గుర్తొచ్చాయి. వాడు కక్కుతున్నా ఆమె ఒళ్ళో వేసుకుని, మెత్తటి అన్నం వేలితో చిదిపి, "రెండు ముద్దలు తింటే బలమొస్తుంది నాయనా" అని పెడుతూనే ఉండేది. వాడు పోయింది అందుకు కాదు. బాషాకు ఆ నమ్మకముంది. కానీ ఇవాళ తను వెళ్ళి "పురుగు పడింది నువ్వు పెట్టిన ముద్దలకే" అంటే, ఆమె బుద్ధి చేపల దగ్గర ఆగుతుందా? తిన్నగా బిడ్డ దగ్గరికే పోతుంది. పోయి అక్కడే ఉండిపోతుంది. చెప్పకపోతే ఈ రెండు చేపలకూ పురుగు తప్పదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సీసాను గుండెకు ఆనించుకుని బాషా రైల్లో అందరి ముందూ ఏడ్చాడు. ఎదుటి ఆయన సీసా పగిలిందేమోనని తొంగి చూశాడు.

అక్తరున్నీసా సీసా చూసింది. తీసుకుని, తొట్టిలో నీళ్ళు నింపి, చేపల్ని వదిలింది. చాప పరిచింది. "పురుగెందుకు పడిందో ఎవరన్నా చెప్పినారా?" అని అడిగింది.

"చెప్పినారు. నా చేతులనుంచే" అన్నాడు బాషా.

"నేను అప్పుడే చెప్పలా?" అంది. గొంతులో కోపం లేదు. "ఇంక మీరు తొట్టిలో చెయ్యి పెట్టబాకండి. మీకు దణ్ణం పెడతా. దూరంగా కూర్చుని చూడండి, చాలు." వంటింట్లోకెళ్ళి మొదటి ముద్ద తెచ్చి వేసింది.

బాషా ఒక ఉపాయం కనిపెట్టాడు. పాపం, అంతకన్నా అతనికి చేతనైంది లేదు. మధ్యాహ్నం నమాజుకు ఆమె లోపలి గదిలోకి వెళ్ళినప్పుడు, ఏదో పని ఉన్నట్టు ఇంటికొచ్చి, పల్చటి గుడ్డతో తొట్టి అడుగున మిగిలిన మెతుకులన్నీ ఏరి పారేసేవాడు. సాయంత్రం ఏమీ ఎరగనట్టు చాపమీద కూర్చునేవాడు. అద్దం తేటగా ఉండేది, చేపలు హాయిగా తిరిగేవి. "ఈసారి చూడండి, మీ చెయ్యి తగలకపోతే ఎంత బాగుందో" అనేది ఆమె. "అవును" అనేవాడు. ఆ కొద్ది వారాలూ బాషా బతుకులో పండగ. దొంగతనంగా జరుపుకున్నా పండగ పండగే.

ఒకనాడు నమాజు ముగించి ఆమె తొందరగా బయటికొచ్చింది. బాషా మోచేతిదాకా తొట్టిలో ఉన్నాడు.

"మళ్ళీ పెట్టినారా?" అంది.

గుడ్డలో మెతుకులు పిడికిట్లో దాచుకుని, "పెట్టినా" అన్నాడు.

"ఎందుకండీ? చెప్పినా కదా. కాళ్ళు పట్టుకున్నట్టు చెప్పినా కదా. ఎందుకు పెట్టినారు?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు. ఇన్నేళ్ళూ పైకి అనని మాట ఆమె అనేసింది.

"మీ చెయ్యి పడినది ఏదీ బతకదు. నా బిడ్డా బతకలా."

జైతూన్‌బీని పిలిచి, నీళ్ళు సగం తోడి, ఇద్దరు ఆడవాళ్ళూ తొట్టిని ఎత్తుకెళ్ళి లోపలి గదిలో పెట్టుకున్నారు. తలుపుకు గొళ్ళెం పడింది. చాప కూడా లోపలికే పోయింది.

ఆ సాయంత్రం పంచలో పళ్ళెం ముందు బాషా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు అవతల గిన్నె చప్పుడైంది. ఆమె గొంతు వినిపించింది. మెత్తగా, ముద్దుగా, పసివాణ్ణి బుజ్జగిస్తున్నట్టు ఉంది.

"తినండి నాయనా. ఇంక భయం లేదులే. ఇంకో ముద్ద తినండి."